ఇది ఎవరికి?

షాంటిలీ,
శుక్రవారం.

తమ్ముడు ప్రసాదుకు,

అక్క ప్రేమతో రాసేది. దేవుడి దయవల్ల నేనూ మీ బావగారూ బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరదలూ పిల్లలూ కులాసాయేనా? ఫోన్‌లో నువ్వు అరుస్తావు, చెల్లి ఏడుస్తుంది. అందుకే ఉత్తరం. దీనికి అడ్డం రాలేవుగా.

రిటైరయ్యాక తోచక, పాతకాలపు ఇంగ్లీషు ఓడకు నమూనాగా కట్టిన ఓడ మీద వాలంటీర్‌గా చేరానని చెప్పాను కదా. నాలుగు వందల ఏళ్ల కిందట ఇలాంటి ఓడల్లోనే ఇంగ్లీషువాళ్లు ఈ అమెరికాకీ, మన బందరుకీ వచ్చారు. గోనెగుడ్డలాంటి లాగూ తొడుక్కుని ఆ కళాసీల బతుకు స్కూల్ పిల్లలకు చెప్పడం నా పని. చూస్తే నవ్వుతావు. ఓడ ఉన్న ఏటి గాలికి చెవులు మొద్దుబారిపోతున్నాయి. పురుగుల రొట్టె, ఉప్పు మాంసం, తడిబట్టలతోనే నిద్ర... చెబుతుంటే పిల్లలు ముక్కు మూసుకుంటారు.

ఈమధ్య నాకూ తిండి సయించడం లేదులే. అమ్మ వదిలిపోయిన గొలుసు, కుట్టుమిషను, బైబిలు. ఈ మూడింటి కోసం నువ్వూ చెల్లీ మాటలు మానేశారు. ఇద్దరూ నన్నే తేల్చమంటారు. ఏం తేల్చినా ఒకరు నాకు దూరమవుతారు. అదే నా భయం.

ఆ ఓడల్లో నలుగురికి ఒకే గిన్నె. మాంసంలో ఒకటి కండ, ఇంకొకటి వట్టి బొమిక. కొట్టుకోకుండా ఒకడు వెనక్కి తిరిగి నిలబడేవాడు. మరొకడు ఒక ముక్క మీద వేలు పెట్టి, ఇది ఎవరికి అని అడిగేవాడు. చూడనివాడు ఏ పేరు చెబితే ముక్క వాళ్లది. మళ్లీ మాట లేదు.

మొన్న అది ఆడి చూపిస్తూ నేనే వెనక్కి తిరిగాను. వంటవాడి వేషం వేసే పెద్దాయన అడిగాడు. తోటి కళాసీల పేర్లు చెప్పాలి. నా నోట "ప్రసాదుకి" అని వచ్చింది. తర్వాత "చెల్లికి." మూడోసారి అడిగితే చేత్తో ముఖం కప్పుకున్నాను. నటన అనుకుని పిల్లలు నవ్వారు. కళ్లు తుడుచుకునేదాకా నేను వాళ్ల వైపు తిరగలేదు.

అందుకని, వచ్చే నెల మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల రోజు సాయంత్రం, చెల్లి ఇంటికి వెళ్లు. బెట్టు చేయకు. ఈ సంగతే దానికీ రాశాను. మూడూ చాప మీద పెట్టి వీడియో కాల్ చేయండి. నేను వెనక్కి తిరిగి కూర్చుంటాను. పాస్టరమ్మగారిని రమ్మన్నాను, ఆవిడ ఒక్కోదాని మీద వేలు పెట్టి అడుగుతారు. మనం ముగ్గురం, తలా ఒకటి. నాకు బొమికే పడనీ.

పాస్టరుగారికి, పెద్దత్తయ్యకు మా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మా కోసం ప్రార్థన చేయండి.

ఏది ఎవరికి పడినా పరవాలేదురా. నాకు మీరు కనబడరు కాబట్టి, మీ ఇద్దరి గొంతులూ ఒకే గదిలోంచి వినబడాలి. ఒక్క గొంతే వినబడితే నేను ఏ పేరూ చెప్పను.

నీ మేలు కోరే అక్క,
కరుణ