రేకులు ఎగిరిపోయిన శనివారం

అక్కా,

బాగున్నావా? నువ్వు వెళ్ళిపోయి ఏడు నెలల పన్నెండు రోజులు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదు. ఏమని రాయను... ఏడుస్తున్నానని రాస్తే నీకు విసుగు. ఇప్పుడొక సంగతి దొరికింది. నీకు నచ్చదేమో. అయినా చెప్తాను.

నీ చివరి మాట నేను వినలేదు.

గుర్తుందా? ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసిన వారంలో అన్నయ్యను ఒంగోలు నుంచి పిలిపించావు. నేను మంచం పక్కనే నిలబడి సెలైన్ సీసా మారుస్తున్నాను. అక్కడ నేను లేనట్టే ఆయనతో అన్నావు. "కరుణ ఒక్కతీ ఉండలేదు అన్నయ్యా. ఉరిమితే మంచం కిందకి దూరే మనిషి. నీ దగ్గరికి తీసుకెళ్ళిపో." అన్నయ్య నీ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ముప్పై తొమ్మిదేళ్ళదాన్ని, రోజూ వార్డులో ఇరవై మందిని చూసుకునే నర్సుని... నా గురించి మీరిద్దరూ మాట్లాడుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

అప్పుడు కోపం రాలేదు. ఇప్పుడు వస్తోంది. చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎందుకు పెట్టుకోకూడదు?

నువ్వన్నదాంట్లో అబద్ధం లేదులే. తొంభై రెండులో మనిద్దరం రెండు ట్రంకు పెట్టెలతో బెంగళూరు చివర ఈ హూడిలో దిగినప్పటి నుంచీ అన్నీ నువ్వే. కన్నడం నేర్చుకున్నది నువ్వు. కరెంటాఫీసులో గట్టిగా మాట్లాడింది నువ్వు. బండి మీద నన్ను డ్యూటీకి దింపి, ఆ తర్వాత నీ స్కూలుకి వెళ్ళింది నువ్వు. వెనక కూర్చుని నీ జడ నా మొహానికి కొట్టుకోకుండా చూసుకోవడం తప్ప నేను చేసిందేముంది?

వైద్యం ఒక్కటే నాకు తెలిసిన పని. అదీ సరిగ్గా చేయలేదు. నీ కడుపునొప్పిని గ్యాస్ అనుకుని నాలుగు నెలలు ఏవో మందులు తాగించాను. స్కానింగ్ రిపోర్టు చూసి ఆసుపత్రి వరండాలో నేను కూలబడితే నువ్వేమన్నావు? "నువ్వు నా చెల్లెలివే, స్కానింగ్ మిషనువి కాదు. లే, టీ తాగుదాం పద."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని నెలలు నెట్టుకొచ్చాను అక్కా.

మన ఓనరు మునెమ్మ ఏం మారలేదు. డెబ్బై దాటినా కింద వాకిట్లో కూర్చుని వీధంతా ఆమే కాపలా. క్రిస్మస్ అయ్యాక ఒకరోజు నీ బండి మీద దుమ్ము తుడుస్తుంటే చూసింది. "రోజూ సుమ్మనే ఊరికే తుడస్తా ఉంటే ఏమొస్తాదప్పా? ఎక్కి పో!" అంది. ఎక్కాను. నీలగిరి తోపు కొట్టేసిన ఖాళీ స్థలం ఉంది చూడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడతారట... అక్కడ నెల రోజులు తిప్పాను. మూడుసార్లు పడ్డాను. మోకాలి మీద నీకున్నలాంటి మచ్చే నాకూ వచ్చింది. లైసెన్సు కూడా వచ్చింది. నమ్ముతావా?

ఈసారి మార్చి మొదట్లోనే గాలివానలు పట్టుకున్నాయి. పొద్దున్నంతా ఆకాశం కడిగిన గాజులా ఉంటుంది. రోడ్డు పక్క చెట్లు ఆకన్నదే లేకుండా గులాబీ రంగు పూలతో నిండిపోతాయి. నాలుగింటికల్లా మబ్బు. మొదటి డ్యూటీ అయితే మూడున్నరకి ఇంటికొచ్చి, కాఫీ కలుపుకుని వరండాలో కూర్చుంటున్నాను. చినుకులు రేకుల మీద పడుతుంటే, వేడి కాఫీ గొంతు దిగుతుంటే... సంతోషంగా ఉంటోంది అక్కా. మొదట్లో తప్పు చేస్తున్నట్టు అనిపించేది. చర్చిలో ఒకావిడ, అక్క పోయి ఏడాదన్నా కాలేదు, అప్పుడే పూలు పెట్టుకున్నావే అంది. మరుసటి ఆదివారం రెండు మూరలు ఎక్కువ పెట్టుకుని వెళ్ళాను.

ఇంతలో అన్నయ్య ఫోను. శనివారం టెంపో మాట్లాడుకుని వస్తున్నానని, సామాన్లు సర్దిపెట్టమని. రావద్దని చెప్పడానికి నోరు రాలేదు. సర్దేశాను కూడా. గిన్నెలన్నీ గోనెసంచుల్లోకి, నీ పుస్తకాలు అట్టపెట్టెల్లోకి. ఆసుపత్రికి రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. నేను అంతే కదా, ఎవరేం చెప్తే అది.

శనివారం మధ్యాహ్నం అన్నయ్య, టెంపో డ్రైవరూ తాళ్ళు కొనడానికి వెళ్ళారు. అప్పుడొచ్చింది గాలి.

అలాంటి గాలి మనం ఇక్కడ ఎన్నడూ చూడలేదు. ముందు వడగళ్ళు, నిమ్మకాయలంత. తర్వాత వంటింటి రేకు ఒకటి చప్పుడు చేసుకుంటూ లేచింది. ఇంకొకటి. నేను చూస్తుండగానే నెత్తిన కప్పుండాల్సిన చోట ఆకాశం! పొయ్యి మీద, సంచుల మీద, నా మీద వాన. ఉరుముకి నా కాళ్ళు వాటంతటవే మంచం వైపు నడిచాయి. నిజమే చెప్తున్నాను, వంగాను కూడా...

అప్పుడు కింద నుంచి మునెమ్మ కేక.

వరండాలోంచి చూస్తే, మన రేకు ఆమె వాకిట్లో పడి ఉంది. పక్కనే ఆమె. నుదురంతా రక్తం. నేనేం ఆలోచించలేదు అక్కా. మెయిన్ స్విచ్ ఆపి, గోనెసంచిలోంచి చేతికందిన ఇత్తడి పళ్ళెం నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాను. వడగళ్ళు పళ్ళెం మీద టంగు టంగుమని మోగుతున్నాయి. ఆమెను లోపలికి లాక్కెళ్ళి, చీర కొంగు మడిచి గాయం మీద గట్టిగా నొక్కి పట్టుకున్నాను. "సచ్చిపోతానా?" అంది. "నా చేతుల్లోనా? కుదరదు," అన్నాను. ఆ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వడగళ్ళు ఆగాయి గానీ రక్తం ఆగలేదు. ఆటోలు లేవు. ఫోను కలవలేదు. తలకి కట్టు కట్టి, ఆమెను నీ బండి వెనక కూర్చోబెట్టుకుని మహదేవపుర నర్సింగ్ హోముకి బయల్దేరాను. రోడ్డంతా విరిగిన కొమ్మలు, పాదాలు మునిగే నీళ్ళు. వెనక నుంచి ఆమె ఒకటే అరుపు. "మెల్లగా పో తల్లీ! రేకు పడి బతికినదాన్ని, నువ్వు సంపేట్టుండావు!" నాకు నవ్వొచ్చింది. అంత వానలో, అంత భయంలో పెద్దగా నవ్వాను.

ఆరు కుట్లు పడ్డాయి. ప్రమాదమేం లేదన్నారు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర అన్నయ్య తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి మీద నన్ను ఎగాదిగా చూసి, మునెమ్మను చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టి వచ్చాడు. తర్వాత, "చూశావా, ఇల్లు కూడా పోయింది. ఇక ఇక్కడేముంది? ఎక్కు టెంపో," అన్నాడు.

"నేను రాను అన్నయ్యా."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఎస్తేరుకి మాటిచ్చాను నేను."

"ఇచ్చింది నువ్వు, పుచ్చుకుంది అక్క. అందులో నేనెక్కడున్నాను?"

"మళ్ళీ ఉరిమితే ఏం చేస్తావు?"

"భయపడతాను. భయపడుకుంటూనే ఇక్కడ ఉంటాను."

లోపల్నుంచి మునెమ్మ గొంతు. "ఆయమ్మ యాడికీ రాదు. టెంపో పంపించేసి నువ్వు లోపలికి రాప్పా, తడస్తా ఉండావు!"

అన్నయ్య మంచివాడే అక్కా. టెంపోని ఖాళీగా పంపేశాడు. ఆదివారం లుంగీ ఎగ్గట్టి, వెల్డింగు షాపాయనతో పాటు తనే పైకెక్కాడు. నేను కింద నుంచి రేకులు అందించాను. చర్చికి వెళ్ళలేదు. కప్పులేని ఇంట్లో దేవుడికి మనం బాగానే కనిపిస్తాములే అన్నాను. నువ్వుంటే తిట్టేదానివి.

మధ్యాహ్నం ఆ ఆకాశం కిందే కిరసనాయిలు స్టవ్వు వెలిగించి మిరపకాయ బజ్జీలు వేశాను. మునెమ్మ చెట్టు కింద రాలిన మామిడి పిందెలు ఏరుకొచ్చి, ఉప్పూ కారం అద్దుకుని ముగ్గురం తిన్నాం. నుదుటి కట్టుతో మునెమ్మ, చేతులకి తారు మరకలతో అన్నయ్య... నీ చోటు ఖాళీగా ఉంది. అయినా బజ్జీలు రుచిగానే ఉన్నాయి. ఆ మాట నీకు చెప్పడానికి నేనిప్పుడు సిగ్గుపడటం లేదు.

సోమవారం అన్నయ్యను స్టేషనులో దింపాను. దారంతా నా భుజాలు వదల్లేదు. దిగాక అందరి ముందూ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. రాజీనామా కాగితం తడిసి ముద్దయింది. చించే పని కూడా లేకపోయింది.

ఒకటి అడగనా? ఉరిమినప్పుడు మంచం కింద నుంచి నన్ను లాగేదానివి కదా... నీ చేతులు మంచులా ఉండేవి. నువ్వూ భయపడేదానివా? నాకెందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదా...

నీ మీద కోపం ఇంకా పోలేదు. కొంచెం ఉంచుకుంటున్నాను. కోపం ఉన్నంతసేపూ నువ్వు ఎదురుగా నిలబడి వాదిస్తున్నట్టే ఉంటుంది.

నాలుగయింది. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. ఆరేసిన బట్టలు తీయాలి.

ఉంటాను అక్కా. ఇక్కడే ఉంటాను.

నీ చెల్లెలు,
కరుణ