ఎండ మరిగిన మొక్కలు

రంగుల కొట్టు,
జూన్ 8, శనివారం.

చిరంజీవి పిచ్చుకకు,

అక్క దీవించి రాసేదేమంటే, ఇక్కడ నేను, మీ బావ, కొట్టు, కొట్టు మీద డాబా అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలి మామూలుగా. ఫోనెత్తని మనిషి క్షేమం నేనెలా తలిచేది? మీ పక్కింటి టీచరమ్మను అడిగితే, పొద్దున పాల కోసం తప్ప నువ్వు గుమ్మం దాటడం లేదని, కిటికీ తెరలు కూడా తియ్యడం లేదని చెప్పింది. ఈ నెలాఖరుకి తోట జాగా సిమెంటు గొట్టాలవాడికి ఇచ్చేస్తున్నావన్న కబురూ ఆవిడ దగ్గరే విన్నాను. సొంత చెల్లెలి సంగతి పక్కింటివాళ్లు చెబితే తెలుసుకునే రాత నాది.

ఆర్కిడ్ అన్న మాట నా దగ్గర ఎత్తకు అని చివరిసారి ఫోను పెట్టేశావు కదా. సరే, ఎత్తను, రాస్తాను. ఇది మధ్యలో పెట్టెయ్యడానికి ఫోను కాదు. కూర్చుని చివరిదాకా చదువు. ఇందులో నా డప్పు నేను కొట్టుకోబోతున్నాను, ముందే చెబుతున్నాను.

కిందటేడు ఎండాకాలంలో గాలివాన నీ తోటకి నీడగా కట్టిన పచ్చ నెట్టును ఎత్తుకుపోయి, ఇనప స్తంభాల్ని వంచేసి పోయింది. మర్నాటినుంచి ఆకాశంలో మబ్బుతునక లేదు. కొత్త నెట్టు వచ్చేలోపే, పుట్టి బుద్ధెరిగి నీడ తప్ప ఎరగని నీ మొక్కలు ముందు తెల్లబడి, తర్వాత నల్లబడి, ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయాయి. నువ్వు వాటి మధ్య పీట వేసుకుని కూర్చున్నావు. ఏడ్చినా బాగుండేది. అన్నిటినీ తీసుకుపోయి చెత్తలో పారెయ్యక్కా అన్నావు, అంతే. నేను డబ్బాల వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయాను. పారేశానని సాయంత్రం ఫోను చేసి చెప్పాను.

పారెయ్యలేదే. పచ్చి అబద్ధం చెప్పాను. చెప్పినందుకు నాకు ఇసుమంత కూడా బాధ లేదు.

చెత్తకుప్ప దాకా వెళ్లిన మాట నిజం. వ్యాను తలుపు తీసి మొదటి కుండీ చేతిలోకి తీసుకున్నాను. ఆకులు మాడిపోయాయి గానీ వేళ్ల చివర మాత్రం పచ్చగా మెరుస్తోంది. వేరు కొస పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే అని నువ్వు కొనేవాళ్లకి చెబుతుంటే నేను పక్కన కూర్చుని పల్లీలు నములుతూ ఎన్నిసార్లు వినలేదు? మళ్లీ తలుపు వేసి ఇంటికి తోలుకొచ్చాను. మీ బావ వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లను చూశాను గానీ, ఆకులు కాలాక పట్టుకున్నదాన్ని నిన్నే చూస్తున్నాను అన్నారు. ఆయనకి నోరూరుకోదు, నీకు తెలుసుగా. అంటూనే కుండీలు మోశారు, పాపం.

మా డాబా సంగతి నీకు తెలుసు. చెట్టు లేదు, గోడ నీడ లేదు, మెట్ల గది ఒక్కటే. దాని గోడ వారన కాస్త నీడ పడుతుంది, మిగతా డాబా మీద ఎండకి కాకి కూడా వాలదు. వెడల్పాకుల మొక్కలు నా చేతిలో దక్కలేదు. దాచను, అవన్నీ పోయాయి. ఆ పెన్సిల్‌లాంటి సన్నటి ఆకుల రకం ఉంది చూడు, అవి మాత్రం మొండికేసి బతికాయి. ఆ జాతి పూర్తి ఎండలో బతకగలదని నువ్వే అనేదానివి. కొత్త కోడలికి కాపురానికొచ్చిన రోజే వంటిల్లంతా అప్పగించకూడదు, ఎండయినా అంతే, కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి అని నవ్విస్తూ చెప్పేదానివి. నీ దగ్గర అన్ని రకాలూ ఒకే నెట్టు కింద ఉండేవి కాబట్టి వీటికి ఎండ అలవాటు చేసే అవసరం నీకెప్పుడూ రాలేదు. నాకు వచ్చింది. నీడ ఇద్దామన్నా నా దగ్గర లేదు మరి.

మెట్ల గది గోడ వారన మొదలుపెట్టాను. పొద్దుటి ఎండ తగలగానే మళ్లీ నీడ వచ్చే చోటు. అక్కడినుంచి ఒక్కోసారి ఒక్కో కుండీ వెడల్పు చొప్పున డాబా మధ్యకి జరుపుతూ వచ్చాను. ఎప్పుడు జరపాలో ఎలా తెలిసిందంటావా? ఇక్కడే నా బుర్రని మెచ్చుకోవాలి నువ్వు. కొట్లో రంగుల షేడ్ కార్డు ఉంది కదా, అందులోంచి ఆకుపచ్చల పేజీ చింపి మేకుకి వేలాడదీశాను. ఆకు బాగా ముదురు పచ్చగా ఉంటే ఎండ చాలడం లేదని, లేత పసుపు కలిసిన పచ్చ తిరిగితే సరిపోయిందని, అంచున వంగపండు చాయ తగిలితే ఇంక జరపకూడదని లెక్క. రంగులు కలిపే మాస్టారుకి చూపిస్తే ఆయనకి పిచ్చి పట్టింది. రోజూ కొట్టు తెరిచే ముందు పైకెక్కి, ఒక్కో ఆకు పక్కన కార్డు పెట్టి, కళ్లజోడు పైకెత్తి చూసి తీర్పు చెప్పేవాడు. ఆకుని చేత్తో పట్టుకుని, నా అరచేతికన్నా వేడిగా ఉంటే ఆ రోజు అక్కడే ఆగేదాన్ని. అది కూడా నీ మాటే.

ఇక మేం చేసిన ఘనకార్యం విను. లోకంలో రంగుల కొట్టువాళ్లు తప్ప ఎవరూ చెయ్యరు. ఎండాకాలం మళ్లీ వస్తోందని, మొక్కలకి చల్లగా ఉంటుందని, డాబా అంతా ఎండని ఆపే తెల్ల రంగు వేశాం. సొంత సరుకు కదా, రెండు పూతలు ఎక్కువే వేశాం. అద్దంలా మెరిసింది. కాళ్లు కాలడం మానేశాయని మీ బావ చెప్పులు లేకుండా తిరిగి మరీ చూపించారు. వారం తిరక్కుండానే ఆకుల అడుగువైపు గోధుమరంగు మచ్చలు. పైన బాగానే ఉంది, కింద కాలుతోంది! ఏం తెగులో అనుకుని ఒకటే కంగారు. చివరికి మాస్టారు నేలమీద వెల్లకిలా పడుకుని, ఆకు కిందినుంచి పైకి చూసి, కళ్లు మూసుకుని లేచి చెప్పాడు. నేల మీద పడ్డ ఎండంతా తిరిగి అడుగునుంచి కొడుతోందమ్మా, మనమే కింద ఇంకో సూర్యుణ్ణి పెట్టాం అన్నాడు. వెంటనే మెరుపు లేని ఇటిక రంగు తెచ్చి మొత్తం మళ్లీ వేశాం. వీధిలో వాళ్లంతా ఈ కొట్టువాళ్లకి పనిలేక డాబాకి వేషాలు వేస్తున్నారని నవ్వుకున్నారు. నవ్వుకోనీ. మచ్చలు ఆగిపోయాయి.

ఇప్పుడు మొక్కలు డాబా నడిమధ్యలో ఉన్నాయి. పొద్దున్నుంచి సాయంత్రందాకా నిట్టనిలువు ఎండ. నెట్టు లేదు, గుడ్డ లేదు. తెల్లవారగానే వేళ్లు తడిసేలా నీళ్లు, తర్వాత గాలి చూసుకుంటుంది. నీ దగ్గర ఉన్నప్పటికన్నా ఆకు పొట్టిదే, అందం తక్కువే. కానీ పట్టుకుంటే తోలులా గట్టిగా ఉంది. మొన్న మళ్లీ పెద్ద గాలి వచ్చింది. మా ముందున్న దుకాణం రేకులు లేచిపోయాయి. నేను పైకి పరిగెత్తాను. నీ మొక్కలు తలలూపుకుంటూ నిలబడి ఉన్నాయి. వీటి దగ్గర గాలి ఎత్తుకుపోవడానికి ఏముంది?

అసలు సంగతికి వస్తున్నాను. కిందివరసలో నల్ల బుట్టల్లో ఉండేవి గుర్తున్నాయా? రెండు పూల పుప్పొడి అగ్గిపుల్లతో కలిపి, కాయ పండేదాకా ఆగి, గింజల్ని సీసాల్లో మొలిపించి, అవి పెద్దవయ్యేదాకా ఏళ్ల తరబడి పెంచావు. ఇవి అమ్మేవి కావక్కా, నా పిల్లలు, వీటి మొదటి పువ్వు చూడాలని ఉంది అన్నావు. అందులో ఒక్కటే మిగిలింది. అది పూసింది.

ఎలా ఉందని చెప్పను? నాకు రంగులు అమ్మడం వచ్చు గానీ ఈ రంగు చెప్పడం రావడం లేదు. కుంకుమపువ్వు రంగులో మొదలై లోపలికి పోయేకొద్దీ ముదురు ఎరుపు, మధ్యలో చిన్న పసుపు నాలుక. మాస్టారు పంతం పట్టి, పువ్వు పక్కన డబ్బాలు పెట్టుకుని కలుపుతూనే ఉన్నాడు. ఈ వృత్తిలో తల నెరిసినవాడు, ఎవరు ఏ గుడ్డముక్క తెచ్చినా ఆ రంగు కలిపి ఇచ్చేవాడు, చివరికి చేతులు తుడుచుకుని, ఇది నావల్ల కాదమ్మా, ఇది కలిపినావిడ వేరే అన్నాడు. ఆ మాటకి నేను కొట్లో అందరి ముందూ ఏడ్చాను. గర్వం పట్టలేక ఏడ్చానే, దిగులుతో కాదు.

నీ దగ్గర వారం వారం పూలు కొనే పూలకొట్టావిడ వీధిలో పోతూ తలెత్తి చూసి, అడగా పెట్టకుండా మెట్లెక్కి వచ్చేసింది. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు, ఎవరు చేశారు అని అడిగింది. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని చెప్పాను.

"మా చెల్లెలు."

ఏడాదై ఆ మాట అంత గట్టిగా అనే అవకాశం నాకు రాలేదు. ఆవిడ నీ గురించి అడిగితే, ఒంట్లో బాగోలేదని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆమె వెళ్లాక నాకు కోపం వచ్చింది, నీ మీద. నెట్టు గట్టిగా కట్టుకోలేదని నిన్ను నువ్వు ఇంకా తిట్టుకుంటున్నావని నాకు తెలుసు. గాలిదెబ్బకి ఊళ్లో కరెంటు స్తంభాలే పడ్డాయి, నీ ముడి ఒక లెక్కా? నేను ఇప్పటిదాకా కొట్టిన డప్పంతా నాది కాదు. కొస పచ్చగా ఉందో లేదో చూడమన్నది నువ్వు. కొంచెం కొంచెంగా జరపమన్నది నువ్వు. అరచెయ్యి పెట్టి చూడమన్నది నువ్వు. నేను చేసిందల్లా నీ మాట మరిచిపోకపోవడమే. నీ విద్య నీకన్నా నాకే ఎక్కువ గుర్తుండడం సిగ్గుచేటు కాదటే?

ఎక్కడ పోగొట్టుకున్నామో అక్కడే వెతుక్కోవాలంటారు. ఆ జాగా ఇప్పుడు నీడ లేని బోడి నేల అని బాధపడుతున్నావేమో. ఈ మొక్కలకి కావలసింది అదే. సిమెంటు గొట్టాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆయనకి మాట ఇచ్చేముందు ఒక్కసారి పువ్వు చూడు. చూశాక కూడా వద్దంటే ఆ మాట ఇంక ఎత్తను, రాయను కూడా.

మీ బావ నీ ఆరోగ్యం అడిగి రాయమన్నారు. మాస్టారు నమస్కారాలు చెప్పమన్నాడు, పువ్వుకి ఏం పేరు పెడతావో కనుక్కోమన్నాడు కూడా.

ఇట్లు,
నీ మీద కోపంగానూ గర్వంగానూ ఉన్న
అక్క

తా.క. ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా? పోస్టులో వెయ్యలేదు, ఆదివారం పొద్దున్నే నేనే తెచ్చాను. నీ గుమ్మంలో కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాసి, తలుపు కింద నుంచి తోస్తున్నాను. బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పి పుట్టింది. నువ్వు లోపలే ఉన్నావు, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. మీ బావ గేటు దగ్గర వ్యానులో ఉన్నారు. డాబా మొత్తం ఖాళీ చేసి తెచ్చేశాం, నీ పిల్ల నా ఒళ్లో ఉంది. మిగతావన్నీ వెనకాల తలుపులు మూసిన వ్యానులో ఉన్నాయి. ఎండకి అలవాటు పడ్డవాటిని ఎక్కువసేపు చీకట్లో ఉంచకూడదే. తలుపు తియ్యి.