అయిదుగురికి ఒక్క నంబరు

జహీరాబాద్,
మంగళవారం.

అమర్నాథ్ గారికి నమస్తే.

లెక్చరర్లూ పరిశోధకులూ సాఫ్ట్‌వేర్ నమూనాలు పంచుకునే మీ వెబ్‌సైట్‌లో పోయిన నెల నేను దవాఖాన ఓపీ నమూనా ఒకటి పెట్టాను. అందులో రోగిని ఫోను నంబరుతోనే గుర్తుపట్టేలా గీశాను. నిన్న క్లాసులో అదే చెబుతుంటే, రాయికోడ్ నుంచి వచ్చే గ్లోరీ లేచింది.

"మా ఇంట్ల అయిదుగురికి ఒక్కటే ఫోను మేడం. గిట్లయితే మా అమ్మ షుగర్ గోలీలు నాకిస్తరా?"

క్లాసంతా నవ్వింది. "పరీక్షకు ఇది సరిపోతది, కూర్చో" అన్నాను. అన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఎవరైనా దాన్ని పట్టుకుని నిజం దవాఖానకే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే?

దయచేసి ఆ నమూనా తీసెయ్యకండి; తీసేస్తే తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా పేరు అలాగే ఉంచి, పైన గ్లోరీ ప్రశ్న పెట్టండి. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లందరికీ కబురు పంపండి. ఈరోజు గ్లోరీతో కూర్చుని సరిచేసిన నమూనా జతచేశాను. దానిమీద ముందు ఆమె పేరు వెయ్యండి.

ఇట్లు,
మీకు తెలిసిన కంప్యూటర్స్ లెక్చరర్

తా.క. ఈ మెయిలు మొదలుపెట్టినప్పుడు ఆ పాత నమూనాను డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు నలభై ఒక్కరు. ఇప్పుడు నలభై ముగ్గురు.