గీతకు జానెడు వెనక నుంచి

తమ్ముడూ,

సినిమా వాళ్లు పదింటికి వస్తారు, ఈలోగా ఇది చదువు. వెనక గదిలో ఫ్యాను వేయకు, తీగలకు వేలాడే ఆకాశనౌక బొమ్మ ఊగుతుంది. కెమెరా బండి రెండుసార్లూ పట్టాల మీద ఒకేలా నడవాలి. మొదటిసారి బొమ్మను తీయి. ఫిల్మును మొదటికి వెనక్కి చుట్టి, రెండోసారి గది చీకటి చేసి, బొమ్మ లోపలి లైట్లను అదే ఫిల్ము మీద తీయి. ప్రతిసారీ తీసే ముందు పిడి తిప్పి బండిని పట్టాల పక్కన గీసిన సుద్దగీతకు జానెడు వెనక్కి తీసుకెళ్లు. అక్కడి నుంచి ముందుకు తెచ్చి గీత మీద ఆపు. వెనక్కి లాగి నేరుగా గీత మీద ఆపేస్తే, బండిని తోసే స్క్రూ వదులుగా ఉండిపోతుంది. అప్పుడు బొమ్మ ఒకచోట, దాని లైట్లు ఇంకోచోట పడతాయి.

ఎందుకలా అని వాళ్లు అడిగితే ఏం చెబుతావో నీ ఇష్టం. యంత్రం నువ్వే చేశావనీ, అన్నయ్య బరువులు ఎత్తడానికి సాయం పట్టాడనీ నిన్న ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఆ స్క్రూకు మరలు కోసింది నేను, మూడుసార్లు పాడుచేసుకుని. ఏడో తరగతి దాటలేదు, నిజమే. బరువులెత్తేవాడు లేకపోయినా ఇవాళ నీకు ఇబ్బంది ఉండదులే. నేను షెడ్డుకు పోతున్నాను.

ఇది రాయకుండానే పోదామనుకున్నాను. వాళ్ల ముందు నీ మొహం మాడితే బాగుండుననిపించింది.

మరో మాట. బొమ్మకు రంగులేసి, పాతదిలా కనబడాలని వేలితో మసి అద్దింది మీ వదిన. అది కూడా నువ్వే చేశానని చెప్పకు. టీ ఇవ్వడానికి తను ఆ గదిలోకే వస్తుంది.