యార్డుకు సెలవు

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ ఆర్మూరు మార్కెట్ యార్డులో నీ చోట్లోనే కూర్చుని పసుపు కొమ్ములు ఏరాను. సరిగా ఎండని సరుకును బస్తా అడుగున పోసి, పైన ఎండింది పోయమన్నాడు సేటు. పోశాను. నీ దగ్గర దాచేదేముంది?

కాసేపటికి కొనడానికొచ్చిన వ్యాపారి నన్నే అడిగాడు. "అంతా ఎండిందేనా అక్కా?"

కొమ్మును విరిస్తే టక్కుమనాలి, మన మాటా అట్లాగే ఉండాలని ప్రభువు చెప్పాడనేదానివి. ప్రభువు పసుపు సంగతి ఎక్కడా ఎత్తలేదని నాకు బైబిల్ చదవడం వచ్చాక తెలిసింది. అవునంటే అవును, కాదంటే కాదు అన్న వాక్యానికి అది నీ సొంత అర్థం. అయినా అబద్ధం చెప్పబోతే అదే అడ్డమొచ్చింది.

"అడుగుది పచ్చిగున్నది అన్నా," అన్నాను.

అతను వెళ్లిపోయాడు. సేటు సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని, "రేపటి సంది రాకు," అన్నాడు. గొప్పగా ఏమీ అనిపించలేదమ్మా. నడుము నొప్పి, నెత్తిన ఎండ, అంతే.

ఇంటికి రాగానే నా బిడ్డ, "గింత జల్ది వచ్చినవేందమ్మా?" అంది.

"యార్డుకు సెలవు బిడ్డా," అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నువ్వూ అప్పుడప్పుడు మిట్టమధ్యాహ్నమే వచ్చి ఇదే మాట చెప్పేదానివి. నేను సంబరపడి నీ పక్కన పడుకునేదాన్ని.

ఎన్ని సెలవులమ్మా అవి! మాట టక్కుమనాలన్న నువ్వు, నాతో అన్నిసార్లు అబద్ధమాడావా?