పై గొట్టంలో మామూలు గ్రేడు

చిరంజీవి బామ్మర్దికి, మీ బావ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా సుత్తి తప్ప.

నువ్వు చేసి పంపిన సైకిలు ఫ్రేము అందింది. ఖాళీ పెట్టె పంపావనుకుని నిన్ను రెండు తిట్లు తిట్టాక లోపల ఫ్రేము కనిపించింది. ముప్ఫై ఏళ్లుగా ఇనప గొట్టాలు అతికి ఫ్రేములు చేస్తున్నవాణ్ణి. నార గుడ్డ పొరలు జిగురుతో అంటించి పొయ్యిలో పెడితే సైకిలవుతుందంటే నా ప్రాణం ఒప్పుకోవట్లేదు. సుత్తితో తట్టి చూస్తే టంగుమనాల్సింది టక్కుమంది. వెంటనే మీ అక్క సుత్తి దాచేసింది.

నీ మేనకోడలు మాత్రం దాన్ని పక్కలో వేసుకుని పడుకుంటానంటోంది. వచ్చే నెల సైకిలు పందెంలో మొదటి పదిమందిలో వస్తేనే జట్టులోకి తీసుకుంటారు. పై ఏడు చూద్దామంటే వయసు దాటిపోతుంది. ఈ కార్బన్ ఫైబర్ నారలో గ్రేడులుంటాయట కదా, మనది అన్నిటికన్నా పైదేగా?

ఇట్లు,
ఇనుము నమ్ముకున్న మీ బావ

తా.క. సీసా మూత రావట్లేదని మీ అక్క అంటే, గొట్టాలు కదలకుండా పట్టే నా వైస్‌లో బిగించి తిప్పాను. మూత వచ్చింది. సీసా కూడా వచ్చింది, ముక్కలుగా.

* * *

బావగారికి నమస్కారాలు. సుత్తి దాచిన అక్కకి ఇంకో నాలుగు ఎక్కువ.

గ్రేడంటే పరీక్షలో మార్కులు కాదు బావగారూ. పై గ్రేడు నార బిర్రుగా ఉంటుంది, ఎంత తొక్కినా ఊగదు. అందుకే తక్కువ పొరలతో, తక్కువ బరువులో పనైపోతుంది. కానీ నొక్కితే ఎండుపుల్లలా టపీమంటుంది. మామూలు గ్రేడు పచ్చికొమ్మ లాంటిది, దెబ్బ ఓర్చుకుంటుంది. పెడల్స్ దగ్గర, కింది గొట్టంలో పై గ్రేడు వేశాను. పై గొట్టంలో మాత్రం మామూలుది, రెండు పొరలు ఎక్కువేసి.

ఇట్లు,
మీ బామ్మర్ది

తా.క. అక్కకి కొత్త సీసా కొనిపెట్టండి. ప్లాస్టిక్‌ది.

* * *

బామ్మర్దికి, దీవెనలు ప్రస్తుతానికి ఆపి రాయునది.

మామూలు గ్రేడా? సొంత మేనకోడలికా? అదీ నలుగురూ చూసే పై గొట్టంలోనా? బురద పడే చోట పట్టుబట్ట కట్టి, మొహాన గోనెసంచీ కప్పుతావా? ఎదురింటి కుర్రాడి సైకిలు నఖశిఖపర్యంతం పై గ్రేడేనట. వాళ్ల నాన్న రోజూ పొద్దున్నే వచ్చి నాకు వినిపించిపోతున్నాడు. వెంటనే అలాంటిది ఇంకోటి పంపు. లేదంటే ఇనుముతో నేనే చేస్తాను, పిల్ల దానిమీదే పందేనికి వెళ్తుంది.

ఇట్లు,
మీ అక్కని చేసుకున్న పాపానికి ఇన్ని పడుతున్న బావ

తా.క. పోస్టు చేసేలోపు పై ముక్క మీ అక్క చదివింది. ఇవాళ హోటల్లో తిన్నాను.

* * *

బావగారికి, నమస్కారాలు మాత్రం ఆపకుండా రాయునది.

ఇంకో ఫ్రేము పంపను. ఆ పిల్లని భుజాలమీద ఎక్కించుకు తిరిగినవాణ్ణి, దానికి నాసిరకం పెడతానా? మీరలా అనుకున్నారంటే నాకు అన్నం సహించలేదు. ఆ పొరలు నా చేత్తో నేనే పరిచాను, ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు.

పై గొట్టంలో మామూలుది వెయ్యడానికి కారణముంది. చెబితే మీకు కోపమొస్తుంది. చెప్పకపోయినా వచ్చిందనుకోండి. పందెం అయ్యాక చెబుతాను. పిల్లని దానిమీదే పంపండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
మీ బామ్మర్ది

తా.క. మీ ఇనప ఫ్రేము ఎత్తేటప్పుడు నడుం జాగ్రత్త.

* * *

బంగారు బామ్మర్దికి, ఆపిన దీవెనలన్నీ కలిపి బావ రాయునది.

ఇనప ఫ్రేము చేశాను. పిల్ల ఎత్తి చూసి "చాలా బాగుంది నాన్నా" అంది. తొక్కుతానని మాత్రం అనలేదు. ఒగురుస్తూ దాన్ని మెట్లెక్కిస్తుంటే చూడలేక నేనే అందుకుని కింద పెట్టేశాను. "పోనీలే, మీ మామయ్య చేసిందే తీసుకెళ్లు" అన్నాను.

పందెం రోజు పొద్దున పెడల్ వదులైందంది. ఎప్పట్లాగే పై గొట్టాన్ని వైస్‌లో పెట్టి, ఒంట్లో బలమంతా పెట్టి వైస్ బిగించాను. కిర్రుమంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇది ఇనుము కాదని. పిల్ల గుమ్మంలోనే నిలబడి చూస్తోంది. వైస్ వదులు చేసి గోరుతో తడిమి తడిమి చూశాను. రంగుమీద రెండు గాట్లు, అంతే. పగుల్లేదు, సొట్ట లేదు.

ఏడోదిగా వచ్చింది! జట్టులోకి తీసుకున్నారు. మీ అక్కా నేనూ రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాం. ఇప్పుడు చెప్పు, ఏమిటా కారణం?

ఇట్లు,
ఇంట్లోనే భోంచేస్తున్న మీ బావ

తా.క. ఎదురింటి సైకిలుకీ పెడల్ వదులైందన్నారు. మన మామూలు గ్రేడే తట్టుకుంది, వాళ్లది పై గ్రేడు కదా అని వైస్ ఇంకాస్త గట్టిగా బిగించాను. టపీమంది. ఎదురింటాయన ఇప్పుడు పొద్దున్నే కాదు, పూటపూటా వస్తున్నాడు.

* * *

బావగారికి, కోప్పడరన్న ధైర్యంతో బామ్మర్ది రాయునది.

గ్రేడు ఎంచేముందు మా మేస్త్రీ రెండే అడుగుతాడు: తొక్కేవాళ్ల బరువెంత, రోడ్డు ఎలాంటిది? పిల్ల తేలిక, రోడ్డు నున్నన. "అయితే అంతా పై గ్రేడే వెయ్యి" అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. "పిల్ల బరువు కాదండీ, మా బావ చెయ్యి చూసి వెయ్యాలి. ఆ ఇంట్లో వైస్‌లో పడనిది మా అక్క ఒక్కతే" అన్నాను.

ముందే వద్దని రాయొచ్చు కదా అంటారు. రాస్తే మీరు మానేవారు బావగారూ, మీ చెయ్యి మానదు. పిల్లకి నా ముద్దులు చెప్పండి.

ఇట్లు,
మీ బామ్మర్ది

తా.క. ఎదురింటి సైకిలు పంపండి, పగులు కనబడకుండా అతికిస్తాను. పెట్టె మాత్రం అక్కని కట్టమనండి.