ఖాళీ, ఖాళీ: సమానం

సోమవారం, 3వ తేదీ. ఉదయం 6.50

తీర్మానం: ఈ వారమంతా ఆఫీసు సర్వర్ల వంక కన్నెత్తి చూడను. ఒక చిన్న ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, రాస్తాను. అదే చూస్తుంది. ఇంటికి రాగానే ఫోన్ సొరుగులోకి.

మా లైబ్రరీలో స్కాన్ చేసిన పేజీలన్నీ పాత సర్వర్ నుంచి కొత్తదానికి ఎక్కుతున్నాయి. ఎన్ని పేజీలున్నాయని రెండు చోట్లా కమాండు కొట్టడం, వచ్చిన అంకెలు కాగితం మీద రాసుకుని పోల్చడం నా పని. రోజుకు ఇరవైసార్లు. ఇంట్లో ఉంటే ఫోన్లో. పోయిన పోటీలో మా అమ్మాయి ఈదుతున్నంతసేపూ అదే చేశాను. దాని ముద్దుపేరు చేపపిల్ల. ఈ శనివారం నాలుగింటికి మళ్ళీ పోటీ. ఈసారి చూస్తానని మాటిచ్చాను.

11.20

స్క్రిప్టు తయారు! ఆరే లైన్లు. పాతదాని జవాబు ఒక డబ్బాలో, కొత్తదాని జవాబు ఇంకో డబ్బాలో పడతాయి. రెండూ ఒకటైతే ‘సమానం’ అని నాకు మెసేజ్. కాకపోతే ‘తేడా’. గంటకోసారి దానంతటదే నడుస్తుంది.

మొదటి మెసేజ్: తేడా. చేత్తో లెక్క చూస్తే నిజమే, 226 పేజీలు ఇంకా ఎక్కాలి. చెప్పిన మాట వినే స్క్రిప్టు!

మంగళవారం. మధ్యాహ్నం 12.00

సమానం! అన్నీ ఎక్కేశాయన్నమాట. ఇన్నాళ్ళూ గొడ్డుచాకిరీ ఎందుకు చేశానో.

సాయంత్రం 5.30

ఇంట్లో ఉన్నాను. చేపపిల్ల నన్ను ఎగాదిగా చూసి, ఉద్యోగం పోయిందా అని వాళ్ళమ్మను మెల్లగా అడిగింది.

బుధవారం. ఉదయం 10.00

సమానం. పాత సర్వర్‌ను శనివారం ఐదింటికి పూర్తిగా చెరిపేస్తామని పై అధికారి చెప్పారు. నిశ్చింతగా తలూపాను.

సాయంత్రం ఫోన్ ఒక్కసారి తీశాను. స్క్రిప్టు నడుస్తోందా లేదా అని. అది తనిఖీ కాదు, మర్యాద.

గురువారం

ఫోన్ తీసిన సార్లు: నాలుగు.
కారణాలు: టైము చూడటానికి. వాన పడుతుందేమోనని. చార్జింగ్ ఎంతుందోనని. నాలుగోది గుర్తులేదు.
నాలుగుసార్లూ సమానమే.

శుక్రవారం. ఉదయం 10.15

కొంప మునిగింది.

మంగళవారం పదకొండున్నరకు రెండు సర్వర్ల పాస్‌వర్డ్‌లూ మార్చారట. నాకెవరూ చెప్పలేదు. మరి నా స్క్రిప్టు లోపలికి ఎలా వెళ్తోంది? పక్క సీటు అక్కను పిలిచాను. ఈ పనిలో ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. ఆరు లైన్లూ చదివి కళ్ళజోడు తీసింది.

“వెళ్ళట్లేదయ్యా. రెండూ తలుపు తియ్యలేదు. ఈ డబ్బా ఖాళీ, ఆ డబ్బా ఖాళీ. ఖాళీ, ఖాళీ సమానమేగా?”

పేజీలు ఎక్కడం కూడా ఆ పాస్‌వర్డ్‌తోనే ఆగిపోయింది. ఆ 226 పేజీల్లో సగం పైగా మంగళవారం ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. నేను మాత్రం మూడు రోజులు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

12.40

స్క్రిప్టులో కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. డబ్బా ఖాళీగా ఉంటే ‘జవాబు లేదు’ అని అరిచే లైను చేర్చాను. మెసేజ్‌లో అంకెలు కూడా వచ్చేలా చేశాను. పేజీలు మళ్ళీ ఎక్కుతున్నాయి, కానీ పాత పేజీలన్నీ సరిచూసుకుంటూ నత్తనడకన. రేపు సాయంత్రం నాలుగింటికి అవుతుందేమో.

రేపు తను చూసుకుంటానంది అక్క. నన్ను ఫోన్ ముట్టుకోవద్దంది.

శనివారం. సాయంత్రం 3.50

ఈత కొలను దగ్గర మెట్ల మీద కూర్చున్నాం. ఫోన్ తువ్వాళ్ళ సంచిలో, అడుగున.

4.02

సంచిలోంచి తీశాను. సైలెంట్‌లో పెట్టడానికే.

4.06

నాలుగింటి మెసేజ్ ఇంకా రాలేదు. చేపపిల్ల నీళ్ళలోకి దూకింది. నాలుగు చుట్లు ఈదాలి.

4.11

41,206. 41,206. సమానం!

తల ఎత్తేసరికి పిల్లలంతా ఒడ్డునున్నారు.

6.30

కారులో చేపపిల్లను ఎలా జరిగిందని అడిగాను. బాగా జరిగిందంది. ఆఫీసులో ఎలా ఉందని అదడిగింది. బాగానే ఉందన్నాను. తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. గొడవేమీ లేదు కదా అనుకున్నాను.

అంతలో కళ్ళజోడు తీసి అక్క అన్న మాట గుర్తొచ్చింది: ఖాళీ, ఖాళీ సమానమేగా.

కారు పక్కకు ఆపి, నేను చూడలేదని చెప్పాను.

“తెలుసు నాన్నా. రెండో చుట్టులో ఊపిరి అందక తాడు పట్టుకుని ఆగిపోయా. అప్పుడు నీవైపే చూశా.”

ఆగిపోయిందా! తలెత్తుకోలేకపోయాను. పాప ఒంటరిగా తాడు పట్టుకుని ఉంటే నేను అంకెలు చూసి సంబరపడ్డాను.

తర్వాత ఏం చేశావని అడిగాను. మళ్ళీ ఈదిందట. ఆఖరున వచ్చిందట. ఈసారి జవాబు మొత్తం విన్నాను. ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉంది.

ఆదివారం, 9వ తేదీ. ఉదయం 6.50

తీర్మానం: ఈ రోజు నుంచి ఇంటికి రాగానే ఫోన్ చెప్పుల అలమరలోకి. తాళంచెవి మా ఆవిడ దగ్గర. ‘బాగానే ఉంది’ అనే మాట జవాబు కింద లెక్క కాదు. మళ్ళీ అడగాలి.

7.40

కొలనులో మేం తప్ప ఎవరూ లేరు. రెండో చుట్టులో తల ఎత్తి చూసింది. చేతుల్లో ఏమీ లేదు కాబట్టి రెండు చేతులూ ఊపాను.